దూరం తెలియని జ్వాల: గామాకిరణ విస్ఫోటాల అన్వేషణచరిత్ర



అమావాస్య రాత్రి ఊరి పొలిమేరలో నిలిచి చీకటిలో ఒక వెలుగును చూశామనుకుందాం. అది పక్క పొలంలో ఎవరో పట్టుకొన్న లాంతరు కావచ్చు. ఆమడ దూరాన కొండమీద రగులుతున్న కార్చిచ్చు కావచ్చు. కంటికి చేరే కాంతి రెండింటిదీ ఒకటే. దూరం తెలిసేవరకు దాని బలం తెలియదు. బలం తెలిసేవరకు దాని స్వరూపం తెలియదు. ఖగోళశాస్త్రంలో సరిగా ఇటువంటి సంశయమే ఒకటి ముప్పై సంవత్సరాలపాటు మహామేధావులను వేధించింది. ఆ సంశయం ఎలా పుట్టింది, ఏ ప్రమాణంతో తీరింది అనేదే ఈ వ్యాసానికి విషయం.

ముందుగా గామాకిరణం అంటే ఏమిటో చూద్దాం. రేడియో తరంగం, ఉష్ణకిరణం, కంటికి కనబడే వెలుగు, ఎక్స్‌ కిరణం - ఇవన్నీ ఒకే జాతివి. శక్తిలోని తారతమ్యమే వాటి మధ్య భేదం. ఆ శ్రేణికి పరాకాష్ఠ గామాకిరణం. 1900లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాల్ విలార్ రేడియం నుండి వెలువడే కిరణాలను పరీక్షిస్తూ దీనిని గుర్తించాడు. రూథర్‌ఫర్డ్ దీనికి ఆ నామకరణం చేశాడు. కంటికి కనబడే కాంతికణం కంటే గామా కాంతికణం పదివేల రెట్లకు పైగా శక్తిమంతం. ఆకాశం నుండి వచ్చే ఈ కిరణాలను భూమి వాయుమండలం పైననే అడ్డుకొంటుంది. ప్రాణికోటికి అది కవచం. పరిశీలకునికి మాత్రం అది తెర.

ఆ తెరకు ఆవల ఈ విస్ఫోటాలను తొలిసారి పట్టుకొన్నవి ఖగోళ పరిశీలనకై పంపిన యంత్రాలు కావు. 1963లో అమెరికా, సోవియట్ యూనియన్, బ్రిటన్ దేశాలు వాయుమండలంలోను, అంతరిక్షంలోను, సముద్రగర్భంలోను అణుపరీక్షలు జరపరాదని ఒడంబడిక చేసుకొన్నాయి. ఒడంబడిక ఉన్నది కాని విశ్వాసం లేదు. ఎదుటివారు చాటుగా అంతరిక్షంలో అణ్వస్త్రం పేల్చితే, అందునుండి వెలువడే గామాకిరణాలను పసిగట్టడానికి అమెరికా వేలా అనే ఉపగ్రహాలను జంటలుగా పంపింది. అనుమానం వాటి జన్మకారణం.

1967 జూలై 2న ఆ ఉపగ్రహాలకు ఒక గామాజ్వాల తగిలింది. దాని తీరు అణువిస్ఫోటపు తీరుతో సరిపోలలేదు. లాస్ ఆలమోస్ ప్రయోగశాలలోని శాస్త్రజ్ఞులు తొందరపడి ఏ ప్రకటనా చేయలేదు. మరింత సూక్ష్మంగా కాలాన్ని కొలవగల ఉపగ్రహాలు వచ్చేవరకు వేచిచూశారు. ఒకే జ్వాల వేర్వేరు ఉపగ్రహాలను చేరిన క్షణాల మధ్యనున్న అత్యల్ప వ్యత్యాసాన్ని బట్టి అది వచ్చిన దిక్కును గణించారు. భూమి కారణం కాదని, సూర్యుడూ కాదని తేలింది. నేతి నేతి అన్నట్లుగా ఒక్కొక్క కారణాన్ని తోసివేసిన తరువాతనే క్లెబసాడెల్, స్ట్రాంగ్, ఓల్సన్ అనే మువ్వురు 1973లో తమ పత్రాన్ని ప్రకటించారు. 1969 జూలై మొదలు 1972 జూలై వరకు నమోదైన 16 విస్ఫోటాల వివరం అందులో ఉన్నది.

అక్కడినుండి అసలు చిక్కు మొదలైంది. ఒక్కొక్క విస్ఫోటం కొన్ని క్షణాలు మెరిసి మాయమవుతుంది. ఆ చోట మరేమీ కనబడదు. దూరం తెలియదు కనుక ఎవరి ఊహ వారిది. కారణాన్ని వివరించే సిద్ధాంతాలు నూటికి మించాయి. అవి మన నక్షత్రవీథి అయిన పాలపుంతలోని న్యూట్రాన్ నక్షత్రాలపై జరిగే సంఘటనలని అధికులు నమ్మారు. విశ్వపు అంచుల నుండి వస్తున్నాయంటే అంగీకరించవలసిన శక్తిపరిమాణం బుద్ధికి అందనిది మరి.

1991 ఏప్రిల్ 5న కాంప్టన్ వేధశాల అంతరిక్షానికి చేరింది. అది తొమ్మిదేళ్లలో 2704 విస్ఫోటాలను నమోదు చేసింది. విస్ఫోటాలు పాలపుంతకు చెందినవైతే ఆకాశంలో ఆ పట్టీ వెంబడే గుమిగూడాలి. అలా జరగలేదు, అన్ని దిక్కులలోను సమంగా పరచుకొని కనబడ్డాయి.

1995 ఏప్రిల్ 22న వాషింగ్టన్‌లో ఒక సభ జరిగింది. మన నక్షత్రవీథి పరిమాణం గురించి 1920లో షాప్లీ, కర్టిస్ వాదించుకొన్న మందిరమే ఈ సభకూ వేదిక. డొనాల్డ్ ల్యాంబ్ పూర్వపక్షాన్ని నిలిపాడు: పాలపుంతను చుట్టి అతి విశాలమైన పరివేషం ఉన్నది, మహావేగంతో వెలికి వచ్చిన న్యూట్రాన్ నక్షత్రాలు అందులో వ్యాపించి ఉంటే అన్ని దిక్కులూ సమంగానే కనబడతాయి కదా అన్నాడు. బోదాన్ పచిన్‌స్కీ అందుకు ఎదురు నిలిచి, సమవ్యాప్తికి సహజమైన అర్థం ఒక్కటే, ఇవి సుదూర విశ్వానివి అన్నాడు. మార్టిన్ రీస్ సభాధ్యక్షుడు. నిర్ణయం జరగలేదు. అనుమానప్రమాణం అంతవరకే తీసుకొనిపోగలదు. ఆపైన ప్రత్యక్షం కావాలి.

ఆ ప్రత్యక్షం 1997లో లభించింది. ఫిబ్రవరి 28న బెప్పోశాక్స్ అనే ఇటలీ, నెదర్లాండ్స్ దేశాల ఉపగ్రహం ఒక విస్ఫోటాన్ని గుర్తించి, కొద్ది గంటలలోనే అదే చోట ఆరిపోతున్న ఎక్స్‌ కిరణ శేషకాంతిని చూడగలిగింది. యజ్ఞకుండంలో మంట తగ్గిన పిదప మిగిలే వేడివంటిది అది. భూమిమీది దూరదర్శినులకు అక్కడ కంటికాంతి శేషమూ చిక్కింది. మే 8న వచ్చిన మరొక విస్ఫోటపు శేషకాంతిని హవాయి ద్వీపాలలోని కెక్ దూరదర్శిని వర్ణపటంగా విడదీసింది. ఇనుము, మెగ్నీషియం ధాతువుల రేఖలు ఎంతో దూరం ఎరుపువైపు జరిగి కనబడ్డాయి. ఆ కాంతి బయలుదేరి కనీసం 700 కోట్ల సంవత్సరాలు ప్రయాణించిందని లెక్క తేలింది. అప్పటికి మన భూమియే పుట్టలేదు.

లాంతరా, కార్చిచ్చా అన్న సంశయం అలా తీరింది. సూర్యుడు తన సంపూర్ణ ఆయుర్దాయంలో వెలువరించేటంత శక్తిని ఈ విస్ఫోటాలు క్షణాలలో వెదజల్లుతున్నాయి. కారణాలూ క్రమంగా తెలిశాయి. దీర్ఘవిస్ఫోటాలలో అధికభాగం మహానక్షత్రాలు తమలోనికి తాము కూలిపోయినప్పుడు జనిస్తాయి. 2003 మార్చి 29నాటి విస్ఫోటం వెనుక నక్షత్రమరణం స్పష్టంగా కనబడింది. హ్రస్వవిస్ఫోటాలకు రెండు న్యూట్రాన్ నక్షత్రాల సంగమం కారణమని 2017 ఆగస్టు 17న రుజువైంది. ఆనాడు గురుత్వతరంగం భూమిని చేరిన 1.7 సెకన్లకు గామాజ్వాల చేరింది.

ఈ అన్వేషణలో మన నేలకూ భాగం ఉన్నది. 2015లో శ్రీహరికోట నుండి బయలుదేరిన ఆస్ట్రోశాట్ ఐదువందలకు పైగా విస్ఫోటాలను గుర్తించింది. అత్యధిక శక్తిగల గామాకిరణం వాయుమండలాన్ని తాకినప్పుడు పుట్టే కణవర్షం ఒక మందమైన నీలికాంతిని విడుస్తుంది. దానిని పట్టుకొనే 21 మీటర్ల మేస్ దూరదర్శిని లద్దాఖ్‌లోని హాన్లేలో నిలిచి ఉన్నది. దానిని నిర్మించినది హైదరాబాదులోని ఈసీఐఎల్ సంస్థ. తెర అనుకొన్న వాయుమండలమే అక్కడ సాధనమైంది.

న్యాయశాస్త్రం తత్త్వనిర్ణయానికై చేసే చర్చను వాదమని, విజయానికై చేసేదానిని జల్పమని వేరుచేసింది. 1995నాటి సభ వాదమే అనడానికి దాని తరువాతి కథ సాక్ష్యం. ప్రమాణం ఎదురైన తరువాత ల్యాంబ్ తన పక్షాన్ని పట్టుకొని వ్రేలాడలేదు. ఆ విస్ఫోటాల దూరాన్నే ఆధారం చేసుకొని, వాటితో విశ్వపు తొలి నక్షత్రాల కాలాన్ని పరిశీలించవచ్చని ప్రతిపాదించినవారిలో ఆయన ఒకడు. శత్రుశంకతో పంపిన యంత్రానికి చిక్కిన మెరుపు, మూడు దశాబ్దాల ఓర్పుతో విశ్వపు బాల్యాన్ని చూపే దీపమైంది. మనం నమ్మినదానికి విరుద్ధమైన ప్రమాణం ఎదురైననాడు మనం చేస్తున్నది వాదమో జల్పమో ఒక్కసారి తరచి చూసుకొందాం.

స్వస్తి.