ఒక గురువు, మూడు యోగాలు

యోగం వేల ఏళ్లనాటిదనీ, దానిలోని పద్ధతులన్నీ ఋషిప్రోక్తాలనీ వినడానికి మనం అలవాటు పడ్డాం. అయ్యంగార్ యోగం, అష్టాంగ విన్యాసం, బిక్రం యోగం – అన్నీ అదే పూజాభావంతో వినిపిస్తున్నాయి. ఈ పద్ధతుల మధ్య తేడాలు ఋషుల అభిప్రాయభేదాల వల్ల వచ్చినవి కావు. వాటి మూలాలు ఇరవయ్యో శతాబ్దపు సామాజిక పరిస్థితుల్లో ఉన్నాయని నేను భావిస్తున్నాను.

పతంజలి సూత్రాలు రెండువందలకు కాస్త తక్కువ. వాటిలో ఆసనానికి దక్కినవి మూడే. 15వ శతాబ్దపు హఠయోగ ప్రదీపిక వర్ణించిన ఆసనాలు పదిహేను. ఎక్కువభాగం కూర్చుని చేసేవి. 17వ శతాబ్దంలో శ్రీనివాసుడు రాసిన హఠరత్నావళి ఎనభైనాలుగు పేర్లు చెప్పింది. ఆయన తెలుగు ప్రాంతంవాడని పండితులు అంటారు. 1966లో అయ్యంగార్ ఇంగ్లీషులో ప్రచురించిన 'లైట్ ఆన్ యోగా'కు వచ్చేసరికి సంఖ్య రెండువందలయింది. మాట ఒకటే, వస్తువు మారింది. ఎందుకు మారింది?

భారతీయులు బలహీనులన్న వలసపాలకుల ఎగతాళికి జవాబుగా దేశమంతటా వ్యాయామోద్యమం లేచిన కాలమది. 1924లో కువలయానంద లోనావ్లాలో యోగాన్ని ప్రయోగశాలకు ఎక్కించాడు. 1933లో మైసూరు మహారాజు నాలుగవ కృష్ణరాజ ఒడయార్ పోషణలో, జగన్మోహన ప్యాలెస్‌లో తిరుమల కృష్ణమాచార్య యోగశాల నడిచింది. శిష్యుల్లో ఎక్కువమంది కుర్రవాళ్లు. చూడవచ్చిన జనాన్ని ఆకట్టుకునే ప్రదర్శనలు ఇవ్వాలి. దూకుతూ, ఊపిరి లెక్కతో ఒక ఆసనం నుంచి మరొక ఆసనానికి సాగే పద్ధతి ఆ అవసరాలకు సరిపోయింది. పట్టాభి జోయిస్ దాన్నే నిలబెట్టి 'అష్టాంగం' అన్నాడు. క్రమం మారదు, ఒకటి పట్టుబడితేనే తర్వాతిది.

అదే గురువుకు బావమరిది బి.కె.ఎస్. అయ్యంగార్. చిన్ననాట జబ్బులతో చిక్కి శల్యమైనవాడు. 1937లో పూనా వెళ్లాడు. తన శరీరం, తర్వాత తన దగ్గరకు వచ్చిన రోగుల శరీరాలే ఆయనకు పాఠ్యగ్రంథాలు. అందుకే ఆయన పద్ధతిలో దూకడం తక్కువ, నిలవడం ఎక్కువ. ఎముక, కీలు ఎక్కడుండాలో అక్కడుండాలి. వంగలేనివారికి పట్టీలు, చెక్క దిమ్మెలు, తాళ్లు, కుర్చీలు ఆసరా.

వయసు మళ్లిన కృష్ణమాచార్య మద్రాసులో ఒక్కొక్కరికీ విడివిడిగా నేర్పాడు. ఆయన కుమారుడు దేశికాచార్ 1976లో అక్కడ స్థాపించిన సంస్థ ఆ మార్గాన్నే పట్టింది. ఇక్కడ ఊపిరి ప్రధానం. మనిషి ఆసనానికి లొంగడు, ఆసనమే మనిషికి తగినట్టు మారుతుంది. ఒకే గురువు, ముగ్గురు శిష్యులు, మూడు యోగాలు. మారింది శాస్త్రం కాదు, ఎదుట నిలబడ్డ మనిషి.

బిక్రం చౌదరి దారి వేరు. కలకత్తా వ్యాయామశాలలో నేర్చినవాడు, అమెరికా చేరి, నలభై డిగ్రీల వేడిగదిలో ఇరవైఆరు భంగిమల క్రమాన్ని అమ్మాడు. ఆ క్రమం తన సొత్తన్నాడు. 2015లో అక్కడి అప్పీలు న్యాయస్థానం దానికి కాపీరైటు రక్షణ వర్తించదని తేల్చింది. సమష్టి కృషిని సరుకుగా మార్చిన వ్యవస్థ, చివరికి దాని మీద కంచె వేయాలని చూసింది.

కృష్ణమాచార్య తన విద్యకు 'యోగ కురుంట' అనే ప్రాచీన గ్రంథాన్ని ఆధారంగా చూపాడు. అది ఇంతవరకూ పరిశోధకులకు దొరకలేదు. సాహిత్య విద్యార్థులకు ఇది కొత్త కాదు: కొత్త సృష్టి పాత పేరు కింద తలదాచుకోవడం మన పురాణాల చరిత్రే. పునరుద్ధరణవాది ఆ పాతపేరును పూజిస్తాడు, వ్యాపారి అమ్ముతాడు. ఇద్దరూ మరుగుపరుస్తున్నది ఒక్కటే – జబ్బుపడ్డ కుర్రవాడి పట్టుదల, గురువు ప్రయోగశీలత, శిష్యుల చెమట.

యోగాన్ని తిరస్కరించమని నేను అనడం లేదు. వెన్నునొప్పికి మేలు చేసేదాన్ని చేయవలసిందే. కాని 'సనాతనం' అన్న మాట రాసేముందు రచయిత అడగాలి: ఎవరు చేశారు? ఎవరికోసం? ఎవరి సొమ్ముతో? ఈ ప్రశ్నలు వేయడం సంప్రదాయాన్ని అవమానించడం కాదు; దాన్ని నిర్మించిన మనుషులకు వారి శ్రమను తిరిగి అప్పగించడం.