ఉప్పుగాలిలో రేడియో: నెల్లూరు తీరం నేపథ్యంగా పాత ట్రాన్స్‌సీవర్ల మరమ్మతుపై ఒక చారిత్రక పరిశీలన

తెలుగు నేలపై ఔత్సాహిక రేడియో చరిత్రను చెప్పేవారు సాధారణంగా విపత్తుల వరుసనే అనుసరిస్తారు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన, 1983లో హైదరాబాదులో జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ ఆవిర్భావం, 2004 డిసెంబరు సునామీ వేళ ఆ సంస్థ పక్షాన పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్న భారతి ప్రసాద్ బృందం బయటి ప్రపంచానికి అందించిన వార్తలు ఈ కథనంలోని మజిలీలు. ఈ మజిలీలన్నిటా రేడియో పనిచేస్తూనే కనిపిస్తుంది. అది ఆ రోజున పనిచేయడానికి అంతకు ముందు ఎవరు దాని మూత విప్పారు, ఏ భాగాన్ని మార్చారు అన్న ప్రశ్నను మాత్రం చరిత్రకారులు అడగలేదు. యంత్రాన్ని వాడిన చరిత్ర కంటే దాన్ని నిలబెట్టుకున్న చరిత్రే ఈ విద్య స్వభావాన్ని ఎక్కువగా పట్టిస్తుందన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

అందుకు నెల్లూరు తీరం తగిన క్షేత్రం. 1984 నవంబరులో శ్రీహరికోట వద్ద, 1989 నవంబరులో కావలి వద్ద తీవ్ర తుపానులు తీరం దాటాయి. రెండవది థాయిలాండ్ సింధుశాఖలో 'గే' పేరుతో పుట్టి, మలయా ద్వీపకల్పాన్ని దాటి, బంగాళాఖాతంలో తిరిగి బలపడి వచ్చినది. అయితే తుపాను ఏడాదికి ఒకటి రెండు రోజుల మాట. ఉప్పుగాలి ఏడాది పొడవునా ఉంటుంది. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే ఉప్పు రేణువు ఆ తేమను పీల్చి తానే నీరవుతుంది. మైపాడు, కృష్ణపట్నం వంటి చోట్ల రాత్రివేళ ఈ హద్దు దాటడం మామూలే. రాగితీగ మీద చిలుము, ఇనుప చట్రానికి తుప్పు, స్విచ్చుల వెండిపూత మీద నల్లని పొర ఆ రాత్రుల్లోనే మొదలవుతాయి. తుపాను నాడు మొరాయించే రేడియో నిజానికి అంతకు ముందరి నెలల్లోనే చెడిపోయి ఉంటుంది.

మరమ్మతు ఈ విద్యకు అనుబంధం కాదు. ఔత్సాహిక రేడియో సేవకు అంతర్జాతీయ నియమావళి ఇచ్చిన నిర్వచనంలోనే స్వయంశిక్షణ, పరస్పర సంభాషణ, సాంకేతిక పరిశోధన అన్న మూడు లక్ష్యాలున్నాయి. భారత ప్రభుత్వం 1978లో చేసిన ఔత్సాహిక సేవా నియమాలు కూడా ఈ దృక్పథాన్నే అనుసరించి, లైసెన్సు కోరేవారికి సాంకేతిక పరీక్ష పెట్టాయి. ఆర్థిక పరిస్థితి కూడా ఇందుకే తోడ్పడింది. 1984లో దిగుమతి సుంకం మినహాయించే వరకు విదేశీ ట్రాన్స్‌సీవర్ మధ్యతరగతికి అందేది కాదు. యుద్ధానంతరం మిగిలిన సైనిక పరికరాలు, 807 వంటి వాల్వులు, చేత్తో చుట్టిన కాయిళ్లు ఇవే ఆధారం. ఆ మినహాయింపును ఇచ్చిన ప్రభుత్వంలో ప్రధానిగా ఉన్న రాజీవ్ గాంధీ స్వయంగా లైసెన్సు పొందిన ఔత్సాహికుడు.

ఆ తరం యంత్రాలలో జపాన్‌కు చెందిన యేసు సంస్థ 1970 ప్రాంతంలో విడుదల చేసిన ఎఫ్‌టీ-101ను ప్రమాణంగా తీసుకోవచ్చు. అందులో గ్రాహక భాగమంతా ట్రాన్సిస్టర్లే. ప్రసార భాగం చివర మాత్రం ఒక డ్రైవర్ వాల్వు, రెండు శక్తి వాల్వులు. 12 వోల్టుల బ్యాటరీతో నడిచే ఏర్పాటు కూడా ఉండేది. వాల్వుల హీటర్లను ఆపివేసి, తక్కువ కరెంటుతో కేవలం వినడానికి ఒక స్విచ్ ఉండేది. కరెంటు స్తంభాలు కూలిన ఊరిలో ఆ స్విచ్ విలువ వేరే చెప్పనక్కరలేదు.

దాని దోషాలలో మొదటిది చెవుడు. ప్రసారం బాగానే సాగుతుంది, కాని వినికిడి సన్నగిల్లుతుంది; ఒకసారి ప్రసార మీట నొక్కి వదిలితే మళ్లీ వినబడుతుంది. కొత్తవారు దీన్ని ట్రాన్సిస్టర్ లోపంగా భావించి బోర్డులు పీకుతారు. లోపం ఉన్నది రిలేలో. ప్రసారవేళ దాని మొనల గుండా బలమైన ప్రవాహం పోయి మలినపు పొరను ఛేదిస్తుంది. గ్రహణవేళ ఏరియల్ నుంచి వచ్చే సంకేతం అత్యల్పం కనుక ఆ పొరను దాటలేదు. ఉప్పుగాలిలో ఈ పొర త్వరగా పేరుకుంటుంది. స్పిరిట్‌లో తడిపిన సాదా కాగితపు ముక్కను మొనల మధ్య లాగడమే దీనికి సరైన చికిత్స. గరుకు కాగితంతో రుద్దితే పూత పోయి రిలే పూర్తిగా పాడవుతుంది. బోర్డులు గుచ్చుకునే సాకెట్లకు, బ్యాండ్ స్విచ్‌కు, ట్యూనింగ్ కెపాసిటర్ ఇరుసును చట్రానికి కలిపే పలుచని రేకుకు ఇదే వ్యాధి వస్తుంది. చివరిదాని వల్ల ఫ్రీక్వెన్సీ గెంతుతూ ఉంటుంది.

రెండవ దోషం ఖరీదైనది. డ్రైవర్ వాల్వు ప్లేటును శక్తి వాల్వుల గ్రిడ్‌తో కలిపే చిన్న కెపాసిటర్ వయసు మీరి కారడం మొదలుపెడితే, రుణ వోల్టేజీ ఉండవలసిన గ్రిడ్ మీదికి ధన వోల్టేజీ చేరుతుంది. వాల్వులు ఎర్రగా కాలిపోతాయి. కారణం కనిపెట్టకుండా కొత్త జత పెడితే అదీ అదే దారి పడుతుంది. గ్రిడ్ వోల్టేజీని ముందుగా కొలిచి, కెపాసిటర్ మార్చి, విశ్రాంత ప్రవాహాన్ని సుమారు 60 మిల్లీ ఆంపియర్ల వద్ద నిలిపి, ఆపై న్యూట్రలైజేషన్ సరిచేయాలి. ప్లేటు సరఫరా దాదాపు 600 వోల్టులు. స్విచ్ ఆపిన తరువాత కూడా వడపోత కెపాసిటర్లలో అది నిలిచి ఉంటుంది కనుక వాటిని ఖాళీ చేయకుండా చేయి పెట్టరాదు.

ఇక్కడ చరిత్ర ఒక చిక్కు పెట్టింది. ఆ శక్తి వాల్వు 6జెఎస్6సి నిజానికి అమెరికా కలర్ టీవీల కోసం తయారైనది. మన దేశంలో రంగుల ప్రసారం మొదలైంది 1982లో; అప్పటికి టీవీల్లో ట్రాన్సిస్టర్లు వచ్చేశాయి. మన నలుపు తెలుపు టీవీలు వాడినది ఐరోపా తరహా పీఎల్504 వంటి వాల్వులను. కనుక అమెరికాలో టీవీ మెకానిక్ వద్ద దొరికే వాల్వు నెల్లూరు టీవీ మెకానిక్ వద్ద ఉండే అవకాశమే లేదు. చెన్నై రిచీ వీధిలో వెతకాలి, లేదా విదేశం నుంచి తెప్పించుకోవాలి. తరువాతి ఎఫ్‌టీ-101జడ్‌డీలో యేసు సంస్థ రేడియో ప్రసారానికే రూపొందిన 6146బి వాల్వుకు మారింది. వాల్వు చెడిపోవడం సాంకేతిక విషయం. అది ఎక్కడ దొరుకుతుందన్నది మాత్రం వాణిజ్య చరిత్రకు చెందినది.

అసలు లోపం యంత్రంలోనే ఉండాలన్న నియమం లేదు. ఏరియల్ తీగకు కేబుల్ కలిసే అతుకులో నీరు చేరినా, చివర ఉన్న ఇన్సులేటర్లపై ఉప్పు పేరుకున్నా, ప్రసారశక్తి వెనుదిరుగుతుంది లేదా దారిలోనే వృథా అవుతుంది. ఏరియల్ బదులు డమ్మీ లోడ్ తగిలించి చూస్తే లోపం ఇంట్లో ఉందో మిద్దెపైన ఉందో నిమిషంలో తేలుతుంది. తీరవాసులు మూత విప్పే ముందు మిద్దె ఎక్కడం మంచిదని నా అభిప్రాయం.

విడిభాగాల కొరతకు తెలుగు నేల నుంచే ఒక సమాధానం వచ్చింది. హైదరాబాదుకు చెందిన అశ్హర్ ఫర్హాన్ 2003 ప్రాంతంలో రూపొందించిన బిట్‌ఎక్స్ ట్రాన్స్‌సీవర్ ఏ చిన్న పట్టణంలోనైనా దొరికే సాధారణ ట్రాన్సిస్టర్లతో, టీవీల్లో వాడే ఫెర్రైట్ కోర్లతో తయారవుతుంది. ఒక కాయిల్‌కు కుళాయి వాషరే ఆధారం. తయారుచేసినవాడే బాగుచేసుకోగలగాలన్న దృష్టి అందులో స్పష్టం. దాన్ని పాత యంత్రాల మరమ్మతు అనుభవానికి కొనసాగింపుగా చూడవచ్చు.

దీనికి భిన్నమైన ఉదాహరణ అప్పటి నెల్లూరు జిల్లాలోని శ్రీహరికోట నుంచే పైకెగిరింది. 2005 మే 5న పీఎస్‌ఎల్‌వీ-సీ6 కార్టోశాట్-1తో పాటు ఔత్సాహికుల కోసం ఇస్రో నిర్మించిన హామ్‌శాట్‌ను కక్ష్యలో ప్రవేశపెట్టింది. చేయి చేరని చోట మరమ్మతు ఉండదు కనుక, అందులో ఒక భారతీయ ట్రాన్స్‌పాండర్‌నూ ఒక డచ్ ట్రాన్స్‌పాండర్‌నూ అమర్చి, భూమి నుంచి ఆదేశంతో ఒకదాని నుంచి మరొకదానికి మారే వీలు కల్పించారు. ట్రాన్స్‌పాండర్లకు జత ఉంది గాని, 2014 జూలైలో బ్యాటరీలు విఫలమై ఉపగ్రహం మూగబోయింది.

నేలమీది యంత్రాల సంగతి వేరు. పాత ట్రాన్స్‌సీవర్ తుక్కు దుకాణానికి చేరినప్పుడు దానితోపాటు సర్వీస్ మాన్యువల్ కూడా తూకానికి పోతుంది. ఏ కెపాసిటర్ ఏ తేదీన మార్చారో, ఏ వాల్వును ఎక్కడినుంచి తెచ్చారో, సాయంత్రం వేళ ఇంటి కరెంటు ఎన్ని వోల్టులకు దిగేదో ఆ మాన్యువల్ అంచుల్లో పెన్సిలుతో రాసి ఉంటుంది. స్థానిక చరిత్రపై పనిచేసే పరిశోధకులు సేకరించవలసిన మొదటి ఆధారాలు ఇవే. లైసెన్సు పత్రాల ప్రతులు ప్రభుత్వం వద్ద ఉంటాయి. ఈ పెన్సిలు రాతలకు రెండో ప్రతి ఉండదు.