రాగిరేకుల ఉంగరం: ఒక అతుకు కథ

మన గోదావరి డెల్టాలో ఒకప్పుడు భూమి దస్తావేజు అంటే కాగితం కాదు, రాగిరేకు. వేంగీ చాళుక్య రాజులు భూదానాలను రాగిరేకుల మీద చెక్కించి ఇచ్చేవారు. 11వ శతాబ్దిలో రాజమహేంద్రవరం నుంచి పాలించిన రాజరాజనరేంద్రుని కోరుమిల్లి శాసనం, నన్నయ రచించిన నందంపూడి శాసనం అలాంటివే. బడిలో వాటి గురించి చెప్పేటప్పుడు రాజు పేరు, కవి పేరు చెప్పి ఊరుకుంటాం. మేము ఇక్కడ చెప్పదలచుకున్నది ఆ రేకులను కలిపి ఉంచిన అతుకు గురించి.

అక్షరాలు అరిగిపోకుండా రేకుల అంచులు కాస్త పైకి లేపేవారు. ప్రతి రేకుకూ రంధ్రం చేసి, అన్నిటినీ ఒకే ఉంగరానికి గుచ్చేవారు. ఆ ఉంగరం రెండు కొసలనూ రాజముద్ర అడుగున కలిపి అతికేవారు. వేంగీ ముద్ర మీద వరాహం బొమ్మ, 'శ్రీ త్రిభువనాంకుశ' అనే బిరుదు ఉంటాయి. ఇంత శ్రమ ఎందుకు? ఒక రేకు తీసేయాలన్నా, దొంగ రేకు చేర్చాలన్నా ఉంగరం కోయాల్సిందే. కోస్తే బయటపడుతుంది. అందుకే శాసన పరిశోధకులు రేకులు చేతికి రాగానే ఉంగరం కోసి ఉందా లేదా అని చూసి రాసుకునేవారు.

ఆ అతుకు పని మనకు కొత్తది కాదు. చిల్లిపడిన బిందెకు 'మాటు వేయడం' అంటామే, దాని కుటుంబమే ఇది. రాగి 1085 డిగ్రీల దగ్గర, ఇనుము 1538 డిగ్రీల దగ్గర కరుగుతాయి. తగరానికి 232 డిగ్రీలు చాలు. అతికే లోహాలు కరగకుండా, మధ్యలో పోసే లోహం మాత్రమే కరిగి సన్నని సందులోకి పాకాలి. 450 డిగ్రీల లోపు కరిగేదానితో చేస్తే సోల్డరింగ్, ఆపైన అయితే బ్రేజింగ్. వేడికి లోహం మీద పొర కడుతుంది. అది ఉంటే అతుకు పట్టదు. బ్రేజింగ్‌లో ఆ పొరను కరిగించడానికే వెలిగారం వేస్తారు. ఒక్క జాగ్రత్త: వంట గిన్నెలకు సీసం కలిసిన మాటు వేయించకండి.

మన కొండల్లో కమ్మరులు ఇనుమును బాగా కాల్చి, సమ్మెటతో కొట్టి అతికేవారు. షెడ్యూల్డ్ తెగల జాబితాలో వారి పేరు ఉంది. రాగిని ఇనుముకు అతకాలంటే ఆ పద్ధతి చాలదు. ఐటీఐలో ఫ్రిజ్ మెకానిక్ పని నేర్చుకుంటున్న మా హాస్టల్ అమ్మాయి తమ్ముడు, కంప్రెసర్ ఉక్కు గొట్టానికి రాగి గొట్టాన్ని భాస్వరం ఉన్న కడ్డీతో అతికాడు. కొద్ది రోజులకే అతుకు పగిలింది. ఆ కడ్డీ రాగిని రాగికి బాగా పట్టిస్తుంది. ఉక్కు దగ్గర మాత్రం అందులోని భాస్వరం ఇనుముతో కలిసి పెళుసైన పొర కడుతుంది. అక్కడ వెండి కలిసిన కడ్డీ, తగిన ఫ్లక్స్ వాడాలి. రెండోసారి అలాగే చేశాడు, నిలిచింది.

ఇక భూమి మాట. డెల్టాలో హద్దులు రాగి మీదికి ఎక్కిన కాలంలో కూడా మన కొండల్లో హద్దులంటే చెట్టు, వాగు, గుట్ట, పెద్దల మాట. మా తాత ఒక కాగితం మీద వేలిముద్ర వేశారు. అందులో ఏముందో చదివి చెప్పేవారు ఇంట్లో ఎవరూ లేరు. ఆ చెక్క మళ్ళీ మాకు రాలేదు. ఏజెన్సీలో గిరిజనుల భూమి గిరిజనేతరులకు పోకూడదని 1959లో చట్టం వచ్చింది. 1970లో చేసిన సవరణతో, అంటే 1/70తో, అది మరింత గట్టిపడింది. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది.

చట్టం ఉన్నా కాగితం చదవనివారికి అది అక్కరకు రాదు. పట్టా చేతికి వస్తే పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం, హద్దులు ఒక్కొక్కటిగా చదవండి. తెలియనిది అడిగాకే సంతకం పెట్టండి. ఆనాడు ఉంగరం కోసి ఉందేమో చూసినట్టే, ఈనాడు కాగితంలో కొట్టివేతలు, దిద్దుబాట్లు చూడండి. చేతిపని నేర్చుకోండి, కాగితం చదవడమూ నేర్చుకోండి. మన పెద్దలకు మొదటిది వచ్చు, రెండోది రాకే నష్టపోయారు. మీకు రెండూ రావాలి.