అందం లేని రాజు

అందగాళ్లకే మంచి వేషాలు దక్కుతాయని దిగులుపడే కుర్ర నటులకి నేను చార్లెస్ లాటన్ అనే నటుడి కథ చెబుతుంటాను. 1899లో ఇంగ్లండ్‌లోని స్కార్‌బరోలో, హోటల్ నడుపుకునే ఇంట పుట్టాడు. బొద్దు మనిషి, లావు పెదాలు. మొదటి ప్రపంచ యుద్ధంలో విషవాయువు బారిన పడి బతికి బయటపడ్డాడు. కొన్నాళ్లు హోటల్ చూసుకుని, 1925లో గానీ లండన్‌లో నటన నేర్చుకోవడానికి చేరలేదు.

1933లో ఓ సినిమాలో ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ వేషం కట్టాడు. రాజుగారు కోడిని చేత్తో చీల్చి, నోటినిండా కుక్కుకుని, ఎముకలు భుజం మీంచి వెనక్కి విసురుతూ, ఈ కాలంలో నాజూకుతనం కరువైందని వాపోతాడు! ఆ వేషానికే ఆస్కార్ వచ్చింది.

నాటకాన్ని మాత్రం వదల్లేదు. జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్ రాసిన ‘గెలీలియో’ని ఇంగ్లీషులోకి తేవడానికి ఆయనతో కలిసి కూర్చున్నాడు. లాటన్‌కి జర్మన్ రాదు, బ్రెహ్ట్‌కి ఇంగ్లీషు అంతంతమాత్రం. ఒక్కో మాటా నటించి చూపించుకుంటూ రాశారు. 1947లో లాస్ ఏంజెలిస్‌లో ఆడారు.

1955లో ‘ది నైట్ ఆఫ్ ది హంటర్’ సినిమా తీశాడు. అది ఆడలేదు, మళ్లీ సినిమా దర్శకత్వం జోలికి పోలేదు. 1962లో కన్నుమూశాడు. ఆడని ఆ సినిమానే ఇప్పుడు గొప్ప సినిమాల్లో లెక్కేస్తున్నారు. నటన నేర్చుకునేవాళ్లు అద్దం ముందు కూర్చునే ముందు లాటన్ సినిమాలు చూడండి.