పన్ను పట్టు - ఒక చిన్న చరిత్ర

“వయసు మీద పడితే పళ్ళు ఊడక మానవు” అని మన పెద్దలు అనేవారు. మనలో చాలామంది ఇప్పటికీ అదే మాట అని ఊరుకుంటున్నాము. నిజానికి పెద్దవారిలో పళ్ళు కదలడానికి ముఖ్య కారణం చిగుళ్ళ వ్యాధి, అంటే మనం పయోరియా అనేది. వయసు ఒక్కటే దానికి బాధ్యురాలు కాదు.

1683లో హాలెండ్ దేశస్థుడు లీవెన్‌హుక్ తన పళ్ళ మీది పాచిని సూక్ష్మదర్శినితో చూసి, అందులో సూక్ష్మజీవులు కదలాడుతున్నాయని లండన్ రాయల్ సొసైటీకి లేఖ రాశాడు. ఆ పాచి వల్లనే చిగుళ్ళు వాస్తాయని ప్రయోగం చేసి చూపింది 1965లో. డెన్మార్క్‌లో హరాల్డ్ లోయె బృందం 12 మంది చేత పళ్ళు తోముకోవడం మాన్పించింది. 10 నుండి 21 రోజుల్లో అందరికీ చిగుళ్ళు వాచాయి. మళ్ళీ తోముకోవడం మొదలుపెట్టగా సుమారు వారంలో నెమ్మదించాయి.

అయితే వాపు తగ్గడం వేరు, పోయిన పట్టు తిరిగి రావడం వేరు. పన్ను గోడలో మేకులాగా ఎముకలో దిగగొట్టి ఉండదు. నారపోగుల వంటి సన్నని తంతువులు పంటి వేరును దవడ ఎముకకు కట్టి ఉంచుతాయి. వ్యాధి ముదిరితే ఆ తంతువులూ, ఎముకా నశిస్తాయి. డాక్టరు గార తీస్తే పుండు మానుతుంది గాని ఆ కట్టు మామూలుగా తిరిగి ఏర్పడదు.

ఎందుకని? శుభ్రపడిన వేరు మీదికి ఏ కణాలు ముందు చేరితే, గాయం ఆ తీరున మానుతుందని 1976లో మెల్చర్ అనే శాస్త్రవేత్త వివరించాడు. మన ఆఫీసు భాషలో అది ఖాళీ పోస్టు. చిగుళ్ళ పైపొర కణాలు పరుగున వచ్చి జాయినైపోతాయి. కట్టు కట్టగల అసలు అర్హులు నిదానంగా వచ్చేసరికి ఖాళీ ఉండదు!

1982లో స్వీడన్‌లో నైమన్ బృందం వేరుకూ చిగుళ్ళకూ మధ్య పలుచని పొర అడ్డుపెట్టి ఆ తొందరపాటు కణాలను ఆపింది. వేరు మీద కొత్త తంతువులు పుట్టాయి. తరువాత పందిపిల్లల ఎదిగే పళ్ళ నుండి తీసిన ప్రొటీన్లతో మందు వచ్చింది. 2004లో అమెరికా శాస్త్రవేత్తలు మన జ్ఞానదంతాల చుట్టూ ఉండే తంతువుల్లోనే మూలకణాలను కనుగొన్నారు.

ఈ చికిత్సలు అన్ని పళ్ళకూ పనికిరావు. పొగ తాగేవారిలో, అదుపులో లేని షుగరు ఉన్నవారిలో ఫలితం తక్కువ. పోయిన ఎముకను రాబట్టడం పాత బకాయిలు రాబట్టడం కంటే కష్టం. కనుక మిత్రులారా, తోముకునేటప్పుడు రక్తం కనబడితే వయసు మీదికి నెట్టేయక, ఉన్న పట్టు ఉండగానే దంతవైద్యునికి చూపించుకోండి.