విమానం మీద హైదరాబాద్ పేరు

నేను చదువుకున్నది ఇంగ్లీష్ మీడియంలో. తెలుగు రాయడం అరవై దాటాక సొంతంగా నేర్చుకున్నాను. అందుకే నా వాక్యాలు చిన్నవిగా ఉంటాయి. కొత్త మాట వస్తే అక్కడే అర్థం చెబుతాను.

ఈసారి ఒక బొమ్మ విమానం గురించి రాస్తున్నాను. దాని పేరు స్పిట్‌ఫైర్. రెండో ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండ్‌ను కాపాడిన విమానాల్లో ఇది ఒకటి. ఇక్కడ ఇంగ్లండ్‌లో చిన్నపిల్లలకు కూడా ఈ పేరు తెలుసు. కానీ స్పిట్‌ఫైర్లు నడిపిన ఒక దళానికి హైదరాబాద్ పేరు ఉండేదని మనవాళ్ళలో చాలామందికి తెలియదు. అది 152వ దళం. నేను తయారు చేసింది ఆ దళం విమానాన్నే.

నా కిట్ 72వ వంతు సైజుది. అంటే అసలు విమానంలో 72 అంగుళాలు బొమ్మలో ఒక్క అంగుళం అవుతాయి. అసలు స్పిట్‌ఫైర్ రెక్కల వెడల్పు 11.23 మీటర్లు. బొమ్మలో అది 15.6 సెంటీమీటర్లు. అరచేతిలో పడుతుంది.

ముక్కలన్నీ ఒక ప్లాస్టిక్ చట్రానికి అతుక్కుని వస్తాయి. వాటిని బ్లేడుతో కోసి, అంచులను గరుకు కాగితంతో నున్నగా రుద్దాలి. ముందు పైలట్ కూర్చునే చోటును తయారు చేసి రంగు వేయాలి. విమానం ఒంటి రెండు సగాలు అతికించాక బ్రష్ లోపలికి పోదు. తర్వాత రెక్కలు, తోక అతికించాలి. జిగురు బాగా ఆరాక ప్రైమర్, దాని మీద రంగులు.

ఇక్కడే చరిత్ర మొదలవుతుంది. పై భాగానికి రెండు రంగులు: మట్టి గోధుమ, ముదురు ఆకుపచ్చ. హంబ్రాల్ డబ్బాల మీద వాటి నంబర్లు 29, 30. పైనుంచి చూసే శత్రువుకు విమానం పొలాల్లో కలిసిపోవాలి. అడుగు భాగానికి లేత ఆకుపచ్చ కలిసిన ఆకాశపు రంగు, నంబరు 90. కింది నుంచి చూస్తే ఆకాశంలో కలిసిపోవాలి. 1940 జూన్‌కు ముందు మాత్రం అడుగున ఒక రెక్క నల్లగా, ఇంకో రెక్క తెల్లగా ఉండేది. కింద ఉన్న సొంత ఫిరంగులవాళ్ళు గుర్తుపట్టి కాల్చకుండా ఉండటానికి అలా వేశారు. కాబట్టి రంగు డబ్బా తెరిచే ముందే ఏ సంవత్సరం, ఏ నెల అని అడగాలి.

నాది 1940 ఎండాకాలం నాటి విమానం. 152వ దళాన్ని 1939 అక్టోబరులో మళ్ళీ ఏర్పాటు చేశారు. 1940 జులైలో అది డోర్సెట్‌లోని వార్మ్‌వెల్‌కు వచ్చింది. పోర్ట్‌లాండ్ నౌకాశ్రయాన్ని కాపాడటం దాని ముఖ్యమైన పనుల్లో ఒకటి. విమానాల పక్కన యు.ఎం. అనే రెండు అక్షరాలు ఉండేవి. బొమ్మకు ఆ అక్షరాలను నీళ్ళలో నానబెట్టి, పట్టకారుతో అతికించాలి.

హైదరాబాద్ పేరు ఎందుకు వచ్చింది? నిజాం ఇచ్చిన విరాళానికి గుర్తుగా. ఆ దళం చిహ్నంలో నిజాం తలపాగా ఉంటుంది. దాని కింద ఒక మాట ఉంటుంది. తెలుగులో చెబితే 'నమ్మకమైన మిత్రుడు'. అది ఊరికే ఎంచుకున్న మాట కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో సాయం చేసినందుకు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు బ్రిటిష్‌వాళ్ళు ఇచ్చిన బిరుదే అది.

ఆ పాత సాయానికి సాక్ష్యం ఇప్పటికీ లండన్‌లో ఉంది. 1918లో నిజాం 110వ దళానికి డిహెచ్-9ఎ అనే బాంబర్ విమానాలు ఇచ్చాడు. వాటిలో ఒకటి ఆ అక్టోబరులో జర్మన్లకు చిక్కింది. వాళ్ళు దాన్ని బెర్లిన్‌లో ప్రదర్శనకు పెట్టారు. తర్వాత అది పోలండ్ చేరింది. 1977లో బ్రిటన్‌కు తిరిగి వచ్చింది. ఇప్పుడు హెండన్‌లోని వైమానిక దళ మ్యూజియంలో ఉంది. నిజాం ఇచ్చాడని దాని మీద రాసి ఉంటుంది.

విమానం మీద దాత పేరు రాయడం రెండో యుద్ధంలో మామూలు అయిపోయింది. 1940లో బ్రిటన్‌లో స్పిట్‌ఫైర్ నిధులు మొదలయ్యాయి. 5,000 పౌన్లు ఇస్తే ఒక విమానం ఇచ్చినట్టు లెక్క. అసలు ఖర్చు అంతకంటే ఎక్కువే. దాత కోరిన పేరు విమానం మీద రాసేవారు.

ఇది మనకు బాగా తెలిసిన పద్ధతే. గుడిలో ఫ్యాన్ రెక్కల మీద దాత పేరు చూడనివాళ్ళు ఉండరు. నేను మా గుడిలో సేవ చేస్తాను. దాతల పేర్ల పలకలు రాయించే పని కూడా చూస్తాను. పెద్ద చెక్కు ఇచ్చినవారి పేరు పలక మీదకు వెళ్తుంది. హుండీలో చిల్లర వేసినవారి పేరు ఎక్కడా ఉండదు. గుడి నడిచేది ఇద్దరి డబ్బుతోనూ.

నిజాం డబ్బు ఎక్కడిది? 1937లో టైమ్ పత్రిక ఆయన్ని ప్రపంచంలో అందరికంటే ధనవంతుడని ముఖచిత్రంగా వేసింది. కానీ ఆ రాజ్యానికి భూమే పెద్ద ఆదాయం. రైతు కట్టేది సిస్తు. సిస్తు అంటే భూమి మీద పన్ను. తెలంగాణ పల్లెల్లో దాని మీద వెట్టి కూడా ఉండేది. వెట్టి అంటే కూలి ఇవ్వకుండా చేయించుకునే పని. యుద్ధకాలంలో లెవీ కూడా వచ్చింది. అంటే పండిన ధాన్యంలో కొంత సర్కారుకు ఇచ్చి తీరాలి. చివరికి 1946 జులై 4న కడివెండిలో దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకు చనిపోయాడు. తెలంగాణ రైతుల సాయుధ పోరాటం అలా రాజుకుంది.

మా తాతగారిది నల్గొండ జిల్లా. ఆయన సిస్తు కట్టిన రైతు. వార్మ్‌వెల్ పేరు ఆయన విని ఉండరు.

ఆ విమానాలు అనవసరం అని నేను అనను. హిట్లర్‌ను ఆపాల్సిందే. వాటిని నడిపిన కుర్రాళ్ళు చాలామంది తిరిగి రాలేదు. వాళ్ళ ధైర్యం తక్కువది కాదు. కానీ ఆ గెలుపు ఖర్చులో తెలంగాణ పొలాల వాటా కూడా ఉంది. అది ఇక్కడి పిల్లల పాఠాల్లో నాకు కనిపించలేదు.

152వ దళం తర్వాత ఉత్తర ఆఫ్రికా, మాల్టా, ఇటలీ తిరిగి, 1943 చివర భారతదేశానికి వచ్చింది. అక్కడి నుంచి బర్మా యుద్ధంలోకి వెళ్ళింది. నా రెండో కిట్ ఆ బర్మా విమానం. దాని పక్కన దూకుతున్న నల్ల చిరుత బొమ్మ ఉంటుంది. ఇంకో తేడా గుండ్రటి గుర్తులో. ఇంగ్లండ్‌లో ఆ గుర్తు మధ్య ఎర్ర చుక్క ఉంటుంది. జపాన్ విమానాల గుర్తు కూడా ఎర్రటి గుండ్రమే. తమవాళ్ళే పొరబడి కాల్చకుండా బర్మాలో ఆ ఎరుపు తీసేశారు. ముదురు నీలం, లేత నీలం మాత్రమే మిగిలాయి. కాబట్టి ఈ కిట్‌కు ఎర్ర రంగు గుర్తులు అతికించకూడదు.

రెండు విమానాలూ ఒకే చెక్క మీద నిలబెట్టాను. మ్యాట్ వార్నిష్ ఆరింది. చెక్క ముందు ఒక చిన్న పలక పెట్టి, తెలుగులో ఇలా రాశాను:

152వ హైదరాబాద్ దళం.
దాత: నిజాం.
సిస్తు కట్టింది: రైతులు.

మీ ఇంట్లో తెలంగాణ పెద్దవాళ్ళు ఎవరైనా ఉంటే, సిస్తు, వెట్టి, లెవీ అనే మూడు మాటలు వాళ్ళను అడగండి. వాళ్ళు చెప్పింది తెలుగులోనే రాసిపెట్టుకోండి. తప్పులు వచ్చినా పరవాలేదు.