అభయం, సుంకం, తీరం: మోటుపల్లి శాసనాలలో ఓడవర్తకుని స్థానం

ఉపోద్ఘాతం

సొంత ఓడలో సరుకు నింపుకొని ఒక దేశం నుంచి మరో దేశానికి బయలుదేరిన వర్తకునికి మధ్యయుగంలో రెండు భయాలు ఉండేవి. మొదటిది సముద్రం, రెండవది తీరం. గాలివానను తట్టుకొని ఒడ్డు చేరినా ఆ ఒడ్డును ఏలే రాజు తనను ఏ విధంగా చూస్తాడో, సరుకులో ఎంత తీసుకొని ఎంత విడుస్తాడో అతనికి ముందుగా తెలియదు. ఈ రెండవ భయానికి ఆంధ్రతీరం ఇచ్చిన సమాధానమే మోటుపల్లి శాసనాలు. నేటి బాపట్ల జిల్లా చినగంజాం మండలంలో ఉన్న మోటుపల్లి కాకతీయుల కాలంలో ప్రసిద్ధమైన రేవు. అక్కడి వీరభద్రాలయంలో ఉన్న గణపతిదేవుని అభయశాసనం శక సంవత్సరం 1166, అనగా క్రీ.శ. 1244-45 నాటిది. దీనిని హుల్ష్ పరిష్కరించి ఎపిగ్రాఫియా ఇండికా 12వ సంపుటంలో ప్రకటించాడు.

ఈ శాసనం పేరు వినగానే కాకతీయ ప్రభువు దయాగుణమే ముందుగా స్ఫురిస్తుంది. శాసనం చివరనున్న సుంకాల పట్టిక ఆర్థిక చరిత్రకారుల పరిశీలనకు ఉపకరించే సామగ్రిగా వేరుపడుతుంది. ఇట్లా దయను ఒకవైపు, సుంకాన్ని మరోవైపు ఉంచి చదివితే శాసనం సగమే అర్థమవుతుంది. అభయానికి ఆచరణరూపం ఇచ్చింది సుంకాల పట్టికయే అని నిరూపించడం, ఆ అభయభావన తరువాతి శాసనంలోనూ కావ్యాలలోనూ ఏ రూపం పొందిందో పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

చెదిరిన ఓడపై హక్కు ఎవరిది?

శాసనం పూర్వాచారాన్ని దాచకుండా చెబుతుంది. ఒక దేశం నుంచి మరో దేశానికి పోతూ తుపానుకు చిక్కి, పగిలి, ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడలలోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు మొదలైన సరుకంతటినీ పూర్వరాజులు బలవంతంగా తీసుకొనేవారని అందులో ఉంది. ఇది ఒక్క ఆంధ్రతీరానికే పరిమితమైన ఆచారం కాదు. 13వ శతాబ్ది చివర భారతతీరాలను చూసిన మార్కోపోలో, కేరళ తీరంలోని ఏలి రాజ్యంలో ఇటువంటి పద్ధతినే గుర్తించాడు. ఆ రేవుకని బయలుదేరి వచ్చిన ఓడను అక్కడివారు ఆదరించేవారు. మరో చోటికి పోతూ గాలికి కొట్టుకువచ్చిన ఓడను మాత్రం దైవం తమకు పంపినదిగా భావించి దోచుకొనేవారు. అంటే గమ్యం తప్పడమే నేరమైంది. నావికుని ప్రమేయం లేని గాలి అతని ఆస్తిహక్కును రద్దు చేయగలిగింది.

భారతీయ రాజనీతిలో ఇందుకు విరుద్ధమైన ఆలోచన కూడా ప్రాచీనకాలం నుంచే ఉంది. అర్థశాస్త్రం రెండవ అధికరణంలోని నావధ్యక్ష ప్రకరణం, పెనుగాలికి చెదిరి వచ్చిన ఓడను తండ్రివలె ఆదరించాలని అధికారిని ఆదేశిస్తుంది. నీటిలో తడిసి చెడిన సరుకుకు సుంకం పూర్తిగా మాఫీ చేయడమో సగమే తీసుకోవడమో విధిస్తుంది. ఈ విషయంలో కౌటిల్యుడు గణపతిదేవునికంటె ఉదారుడనే చెప్పాలి. మోటుపల్లి శాసనం చెదిరిన ఓడకు సుంకాన్ని మినహాయించదు. నిర్ణీతమైన సుంకం తప్ప తక్కినదంతా వర్తకునికే విడిచిపెడుతున్నామని మాత్రమే చెబుతుంది.

అయితే ఈ రెండు రచనలూ ఎవరిని ఉద్దేశించినవో గమనించాలి. అర్థశాస్త్రం రాజుతో, అతని అధికారులతో మాట్లాడుతుంది. ఓడ దిగిన పరదేశి ఆ గ్రంథాన్ని చూపి తన సరుకు తనకిమ్మని అడగలేడు. మోటుపల్లి శాసనం మాత్రం ద్వీపాంతరాలకూ దేశాంతరాలకూ రాకపోకలు సాగించే ఓడవర్తకులనే ఉద్దేశించి, వారు దిగే రేవులోనే రాతిమీద వెలసింది. అధికారి మనసులో ఉండవలసిన దయ ఇక్కడ పరదేశి వేలెత్తి చూపగల మాటగా మారింది. అభయ శబ్దానికి ఈ శాసనం చేకూర్చిన విశేషార్థం ఇదే.

సుంకం: అభయానికి కొలత

రాజు ఈ నిర్ణయానికి కృప, కీర్తి, ధర్మం అనే మూడు కారణాలు చెప్పాడు. ప్రాణంకంటె ధనమే మిన్నగా ఎంచి సముద్రయానమనే మహాసాహసానికి పూనుకొన్నవారు కనుక వారి ధనాన్ని వారికే విడిచిపెడుతున్నామన్నాడు. ఇందులో వర్తకుని ధనాశను ఎత్తిపొడవడం లేదు. ప్రాణాన్ని ఒడ్డి సంపాదించిన ధనం అపహరిస్తే ప్రాణాన్ని అపహరించినట్లే అన్న వాదం ఇందులో ఇమిడి ఉంది.

ఈ వాక్యం వెంటనే సుంకం రేటు వస్తుంది. ఎగుమతులపైనా దిగుమతులపైనా ముప్పదింట ఒక వంతు సుంకం. ఈ రెండు వాక్యాల సాన్నిహిత్యం యాదృచ్ఛికం కాదు. పూర్వాచారం ప్రకారం చెదిరిన ఓడలోని ముప్పది వంతులూ రాజువి. కొత్త కట్టడి ప్రకారం రాజుది ఒక వంతు, వర్తకునివి ఇరువది తొమ్మిది వంతులు. ఆ సంఖ్య చెప్పకుండా కృపను మాత్రమే ప్రకటించి ఉంటే రేవులోని సుంకరి ఇష్టానికి హద్దు ఉండేది కాదు. ఎంత తీసుకొంటారో చెప్పినప్పుడే ఎంత తీసుకోరో తెలుస్తుంది.

పట్టికలోని వివరాలు కూడా ఈ దృష్టితోనే చూడదగినవి. శ్రీగంధం, కర్పూరం, చీనికర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, జవ్వాది, రాగి, సీసం, పట్టునూలు, పగడాలు, మిరియాలు, పోకలు అందులో కనిపిస్తాయి. శ్రీగంధానికి తూకాన్ని బట్టి, కర్పూరం ముత్యాల వంటి వాటికి విలువను బట్టి, పోకలకు లక్ష లెక్కన సుంకం నిర్ణయమైంది. సరుకు స్వభావాన్ని బట్టి కొలత మారింది. సుంకరికీ వర్తకునికీ మధ్య వాదం ఎక్కడ పుడుతుందో ఎరిగినవారు కూర్చిన పట్టిక ఇది. రేవు అనుభవం ఉన్నవారి చేయి ఇందులో కనిపిస్తుంది.

1358: తిరిగి ఇచ్చిన మాట

1323లో కాకతీయ రాజ్యం పతనమైంది. 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి మోటుపల్లిలోనే మరో శాసనం వేయించాడు. అభయం మళ్ళీ ఇవ్వవలసి వచ్చిందంటే మొదటి అభయం దానిని ఇచ్చిన రాజ్యంతోనే బలహీనపడిందని భావించవచ్చు. రాతిమీది అక్షరం నిలిచినా దాని వెనుక నిలిచే అధికారం లేనప్పుడు అది వర్తకునికి రక్ష కాలేదు.

అనపోతారెడ్డి శాసనం పాతమాటను తిరిగి చెప్పడంతో ఆగలేదు. మోటుపల్లికి వచ్చి స్థిరపడదలచినవారికి ఆదరణతో పాటు నివాసానికి తగిన భూమి లభిస్తుంది. వెళ్ళిపోదలచినవారిని నిర్బంధించరు. తెచ్చిన సరుకును తాము కోరినవారికి అమ్ముకోవచ్చు. బంగారంపై సుంకం లేదు. శ్రీగంధంపై సుంకంలో మూడవ వంతు తగ్గింపు ఉంది. తక్కిన సరుకులకు పూర్వమర్యాదే వర్తిస్తుంది. సంతానం లేక మరణించినవారి ఆస్తిని రాజు స్వాధీనం చేసుకొనే అపుత్రిక విధానం కూడా రద్దయింది.

గణపతిదేవుని శాసనంలో రక్షణ పొందింది సరుకు. అనపోతారెడ్డి శాసనంలో రక్షణ మనిషికి కూడా విస్తరించింది. అతని రాక, నివాసం, నిష్క్రమణ, మరణం అనే నాలుగు దశలనూ శాసనం తలచుకొంది. ముఖ్యంగా అపుత్రిక రద్దు గమనింపదగినది. ఇంటికి దూరంగా పరదేశంలో చనిపోయే వర్తకుని ఆస్తి వారసులు దగ్గర లేరన్న కారణంతో రాజు వశమయ్యే ప్రమాదం ఎక్కువ. చెదిరిన ఓడ సరుకును తీసుకోవడం, చనిపోయిన పరదేశి సొత్తును తీసుకోవడం, రెండూ దిక్కులేనితనాన్ని ఆదాయంగా మార్చుకొనే పద్ధతులే. మొదటిదాన్ని 1244 నాటి శాసనం, రెండవదాన్ని 1358 నాటి శాసనం త్యజించాయి.

కావ్యాలలో ఓడవర్తకుడు

శాసనాలు రాజు వైపునుంచి మాట్లాడితే, శ్రీనాథుని హరవిలాసం అవతారిక వర్తకుని వైపునుంచి తీరాన్ని చూపుతుంది. కృతిపతి అవచి తిప్పయసెట్టి కుమారగిరిరెడ్డి ఆస్థానానికి సుగంధద్రవ్యాలు సమకూర్చిన వర్తకుడు. సింహళం నుంచి ఏనుగులు, హురుముంజి నుంచి గుర్రాలు, చీనా నుంచి పట్టువస్త్రాలు తెప్పించిన వాడుగా శ్రీనాథుడు అతన్ని వర్ణించాడు. తరుణాసిరి, తవాయి వంటి తూర్పుతీరపు రేవుల పేర్లూ, కప్పలి, జోంగు వంటి ఓడల పేర్లూ ఆ అవతారికలో చోటుచేసుకొన్నాయి. అయితే అందులో సరుకు వచ్చి చేరడమే ఉంది, రేవులో ఆగడం లేదు. సుంకం, తూకం, నిరీక్షణ కావ్యం వెలుపలే ఉండిపోయాయి. కృతిపతి వైభవాన్ని చెప్పే చోట ఈ మౌనం సహజమే. కాని అవతారికలోని ద్వీపాంతర సరుకుల జాబితానూ మోటుపల్లి సుంకాల పట్టికనూ పక్కపక్కన పెట్టి చదివితే ఒకదాని ఖాళీని మరొకటి పూరిస్తుంది.

ఆముక్తమాల్యద చతుర్థాశ్వాసంలోని రాజనీతి భాగం ఈ భావనకు మరో మలుపు. రేవులను బాగుచేసి గుర్రాలు, ఏనుగులు, మణులు, గంధం, ముత్యాలు దిగుమతి అయ్యేటట్లు చూడాలనీ, ఆపదల వల్ల పరభూముల నుంచి వచ్చి చేరినవారిని వారి వారి జాతులకు తగినట్లు పోషించాలనీ శ్రీకృష్ణదేవరాయలు బోధించాడు. దూరద్వీపాల నుంచి ఏనుగులనూ మేలుజాతి గుర్రాలనూ తెచ్చే వర్తకులకు ఊళ్ళు, ఇళ్ళు, కొలువులో దర్శనం, తగిన లాభం ఇచ్చి తనవారిని చేసుకోవాలనీ, లేకుంటే అవి శత్రువులకు చేరుతాయనీ హెచ్చరించాడు. గణపతిదేవుడు కృప, కీర్తి, ధర్మం అని చెప్పిన చోట రాయలు రాజ్యప్రయోజనాన్ని దాపరికం లేకుండా చెప్పాడు. ఇంతమాత్రాన ఆతిథ్యం విలువ తగ్గదు. పరదేశికి మేలు చేయడంలో తన మేలూ ఉందని ఎరిగిన రాజు ఆ మేలును మానడానికి వెనుకాడుతాడు. కాని రాయల బోధ మళ్ళీ రాజును ఉద్దేశించినదే. కౌటిల్యునివలెనే ఆయనా పాలకునితో మాట్లాడాడు. పరదేశి చేతికి అందిన హామీ శాసనాలలోనే ఉంది.

ముగింపు

పై పరిశీలన వల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. మోటుపల్లి అభయశాసనంలో దయావాక్యమూ సుంకాల పట్టికా ఒకే నిబంధనలోని రెండు భాగాలు, రెండవది లేనిదే మొదటిది నిలవదు. 1244 నుంచి 1358 నాటికి రక్షణ సరుకు నుంచి మనిషికి విస్తరించింది. కావ్యాలు ఈ చరిత్రకు సాక్ష్యమిచ్చినా, ఒకటి వర్తకుని వైభవాన్నీ మరొకటి రాజు కర్తవ్యాన్నీ చెప్పాయి గాని ఓడ దిగి రేవులో నిలిచిన పరదేశి స్థితిని చెప్పలేదు. అతడు ఎంత చెల్లించాలి, ఎప్పుడు వెళ్ళవచ్చు, చనిపోతే అతని సొత్తు ఏమవుతుంది అన్న ప్రశ్నలకు జవాబు శాసనాలలోనే దొరుకుతుంది. అందువల్ల తెలుగు సాహిత్యంలో సముద్రవర్తకాన్ని అధ్యయనం చేసేవారు అవతారికలతో పాటు సుంకాల పట్టికలను కూడా సాహిత్యపాఠాలవలె శ్రద్ధగా చదవవలసి ఉంది.